బాతులిచ్చారు, నీళ్ళేవి?

బంగారు గుడ్డు పెట్టే బాతు కథ చెప్పని పంతులు ఉండడు. మేమూ చెప్పాం. రోజుకో బంగారు గుడ్డు, ఓపిక పట్టలేని ఆసామి, కత్తి, చివరికి ఖాళీ పొట్ట. అంతా చెప్పి "ఇందులో నీతేమిటిరా?" అని అడిగాం. ముందు బెంచీ పిల్లలు "దురాశ దుఃఖానికి చేటు" అని ఒక్క గొంతుతో అప్పజెప్పారు. వెనకాల కూచున్న మా పేట కుర్రాడొకడు లేచి నుంచుని, "మేస్టారండీ, ఆయన ఆ బాతుని ఎక్కడ మేపేవాడండీ?" అని అడిగాడు.

క్లాసంతా ఘొల్లుమంది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లాడి తల్లికి ఆ ఏడాదే ఇరవై బాతులు మంజూరయ్యాయి. వాటిని మేపే చోటు దొరక్క, పొద్దున ఒక గట్టు మీద నుంచి తరిమితే మధ్యాహ్నం ఇంకో గట్టుకి తోలుకుంటూ, వారంలో మూడు రోజులు బడి మానేస్తున్నది ఈ పిల్లాడే. నీతికథ రాసినవాడికి ఈ బాధ లేదు. వాడి బాతుకి నీళ్ళెక్కడివో, చేను ఎవరిదో కథలో ఉండదు. చేనూ చెరువూ ఉన్నవాళ్ళు చెప్పే కథల్లో ఆ సంగతి ఎప్పుడూ ఉండదు.

ఆ ప్రశ్న పట్టుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. బాతులు పెంచుకుని బాగుపడండని మన పేటలకొచ్చి ఉపన్యాసాలు చెప్పే పెద్దలందర్నీ మేం అడిగేది ఇదొక్కటే: ఎక్కడ మేపమంటారు?

మాకు బాతులు కొత్త కాదు. గోదావరి డెల్టాలో కాలవ గట్ల మీద పుట్టినవాళ్ళం. మాలో చాలామందిమి బాతు గుడ్ల డబ్బుతో పరీక్ష ఫీజు కట్టి పాసైన వాళ్ళం. నాటు బాతు గుడ్డు పెడుతుంది గానీ నిలకడగా పొదగదు. అందుకని మా అమ్మలు బాతు గుడ్లు పొదుగు కోడి కింద పెట్టేవాళ్ళు. కోడిపిల్లకి 21 రోజులు, బాతుపిల్లకి 28. ఆ చివరి వారం కోడి విసుగొచ్చి లేచిపోకుండా కాపలా కాసేవాళ్ళు, గుడ్ల మీద నీళ్ళు చిలకరించేవాళ్ళు. పిల్లలయ్యాక మూడు వారాలు వెచ్చగా దాచి, నూకలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు. ఆ తర్వాత పిల్లలు కాలవలో దిగితే, కన్నతల్లిననుకున్న కోడి గట్టు మీద నుంచుని గోల పెట్టేది. అయిదారు నెలలకి గుడ్డుకొస్తాయి. బాతు తెల్లవారుజామునే గుడ్డు పెట్టేస్తుంది. పొద్దెక్కేదాకా దడిలోంచి వదలకూడదు, వదిలితే ఆ పూట గుడ్డు కాలవపాలు. ఇవన్నీ మా అమ్మలకి ఏ ఆఫీసరూ నేర్పలేదు. ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

అలాంటి అమ్మల్ని మండల కేంద్రానికి తీసుకుపోయి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. గోడ మీద బొమ్మలు చూపించారు. బొమ్మలో నిండు చెరువు, చుట్టూ పచ్చిక, మధ్యలో బాతులు. తలకి ఇరవై ఖాకీ క్యాంప్‌బెల్ బాతులన్నారు. ఇంగ్లండులో క్యాంప్‌బెల్ అనే ఆవిడ నూరేళ్ళ పైచిలుకు కిందట తయారుచేసిన జాతి అది. ఏడాదికి 300 గుడ్లు పెడుతుందన్నారు. నిజమే, పెడుతుంది. అయితే ఆ 300 మంచి మేత కింద వేసిన లెక్క. కాళ్ళు కట్టేసి, కడుపు మాడ్చితే 300 కాదు, 30 కూడా రావు.

లెక్క మేమే వేసి చూశాం. పంతుళ్ళం కదా, లెక్కలంటే భయం లేదు. గుడ్డు పెట్టే బాతుని ఇంటి దగ్గరే ఉంచి మేపితే రోజుకి 120 నుంచి 150 గ్రాముల దాణా కావాలి. ఇరవై బాతులకి రోజుకి దాదాపు రెండున్నర నుంచి మూడు కిలోలు. నెలకి 72 నుంచి 90 కిలోలు. రోజుకూలి మీద బతికే ఇంట్లో, మనుషులకే రేషను బియ్యం నెలాఖరుదాకా రాని ఇంట్లో, బాతులకి నెలకో బస్తా దాణా ఎవరు పోస్తారు? బాతు బీదవాడికి కలిసొచ్చేది ఎందుకంటే, బయట తిరిగి నత్తలు, పురుగులు, రాలిన గింజలు ఏరుకు తింటుంది కాబట్టి. ఆ తిరిగే చోటు తీసేస్తే బాతు పాడి కాదు, అప్పు. మా పేటలో జరిగింది అదే. ఆరు నెలలు తిరక్కుండా సగం బాతులు చచ్చాయి, కొన్ని అమ్ముకున్నారు. అప్పు మిగిలింది. పైగా ఆఫీసు కాగితంలో రాసిన మాట ఏమిటంటే, లబ్ధిదారులకు శ్రద్ధ లేదట!

మా శ్రద్ధ సంగతి తర్వాత. బాతు తిరగాల్సిన చోట్లు మూడు: ఊరి చెరువు, కాలవ, కోసిన చేలు. ఈ మూడూ ఏమయ్యాయో చూద్దాం.

ఊరి చెరువుని పంచాయతీ వేలం వేస్తుంది. చేపలకి పాడుకునేది డబ్బున్నవాడు. పాట తన పేరునే ఉండక్కర్లేదు, తన పాలేరు పేరు మీదైనా పాడతాడు. పాడుకున్న మర్నాటి నుంచి చెరువు చుట్టూ వల, గట్టు మీద కర్ర పట్టుకున్న మనిషి. "బాతులు చేపపిల్లల్ని మింగేస్తాయి" అంటాడు. ఇది ఎంతవరకూ నిజం? వేలెడు కూడా లేని పిల్లని వదిలితే మింగుతుంది. నాలుగంగుళాలు పెరిగిన పిల్లని వదిలితే బాతు నోట పట్టదు. హెక్టారు చెరువు మీద 200 నుంచి 300 బాతులు తిరిగితే వాటి రెట్టే చెరువుకి ఎరువని, చేపకి విడిగా మేత కొనే ఖర్చు తగ్గుతుందని మన దేశపు చేపల శాస్త్రవేత్తలే ఏనాడో చెప్పారు. శాస్త్రం మన వైపుంది. చెరువు మాత్రం వాళ్ళ వైపుంది. అదే చెరువులో ఆసామి గేదెలు మెడదాకా దిగి పొద్దంతా పొర్లుతాయి. ఆయన గేదె దిగితే అది చెరువు, మన బాతు దిగితే మురుగు! పశువుకి కూడా యజమాని కులమే పూసే దేశం మనది.

ఇక కాలవ. దాళ్వా పంటయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు. అప్పుడు మిగిలేది మురుగు కాలవలే. వరి చేలని చేపల చెరువులు, రొయ్యల చెరువులు చేసినవాళ్ళు తమ చెరువుల్లో కుళ్ళిన నీళ్ళు తీసి ఆ మురుగు కాలవల్లోకే వదులుతున్నారు. నిండా నీళ్ళే, నోట పెట్టడానికి చుక్క లేదు. కొల్లేరు సంగతి అందరికీ తెలిసిందే. బీదవాళ్ళ సొసైటీల పేరు మీద ఇచ్చిన చెరువులు లీజుల పేరుతో డబ్బున్నవాళ్ళ చేతికి పోయాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు, 2002లో రాంసార్ జాబితాలో చేరింది, 2006లో చెరువు గట్లు కొట్టేశారు. ఎక్కడినుంచో ఎగిరొచ్చే పక్షికి చట్టం ఉంది, మంచిదే, ఉండాల్సిందే. ఆ నీటి ఒడ్డునే పుట్టి, ఆ ఒడ్డునే చచ్చే మనిషికీ, ఆ మనిషి పెంచుకునే బాతుకీ ఏ హక్కుందో ఎవరైనా చెప్తారా?

మూడోది కోసిన చేను. అసలు కథంతా ఇక్కడే ఉంది. మా అమ్మలు కోత కోసి, మోపు కట్టి, కళ్ళం చేరేశాక, ఆ చేలోనే వంగి పరిగె ఏరుకునేవాళ్ళు. రాలిన గింజ కూలివాడిది అనే ధర్మం ఒకప్పుడు ఊళ్ళో ఉండేది. ధర్మం అంటే ఏముంది, వంగిన నడుముకి విసిరేసిన ముష్టి. ఇప్పుడు కోత మిషనొచ్చి కోత కూలీ పోయింది. మిషను రాల్చిన గింజలకి బాతుల్ని దింపుదామంటే, ఎకరానికింతని గుడ్లో డబ్బో ముందు కట్టమంటున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. బాతు చేలో దిగి ఏం చేస్తుంది? నత్తల్ని తింటుంది, వచ్చే పంటకి చీడయ్యే పురుగుల్ని ఏరి తింటుంది, కలుపు తొక్కుతుంది, రెట్ట వేసి పోతుంది. ఇదంతా కూలి లేని చాకిరీ. గొర్రెల మంద రాత్రికి చేలో కడితే గొర్రెల కాపరికి గింజలిచ్చి పంపుతారు. అది న్యాయం, కాదనం. మరి బాతుల మంద దిగితే ఎరువు వేసినవాడే ఎదురు డబ్బు కట్టాలా? ఇదేం లెక్క? జపానులో తకావో ఫురునో అనే రైతు 1988 నుంచి వరి మడిలో బాతుల్ని వదిలి, కలుపు మందు, పురుగు మందు లేకుండా పంట తీసి చూపించాడు. ఆయన పుస్తకం రాస్తే దేశదేశాల వాళ్ళు చదివారు. అక్కడ అది విజ్ఞానం. మా అమ్మ అదే పని చేస్తే "ఎవరే నా చేలో బాతులు దింపింది?" అన్న కేక.

కేకతో పోతే బాగానే ఉండును. మా పక్క పేటలో ఒక అక్క ఉంది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఎప్పట్లాగే బోదె వెంట బాతుల్ని తోలుకుపోయింది. పక్క మడిలో ఆ పొద్దున్నే గుళికలు చల్లారు. ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నానికి పద్నాలుగు బాతులు మెడలు వాల్చేసి నీళ్ళమీద తేలాయి. చచ్చిన బాతుల్ని గంపలో వేసుకుని ఆసామి ఇంటికి పోయి, "మందేశానని ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేదండీ బాబూ?" అని ఏడ్చింది. ఆయన అరుగు దిగలేదు. "నా చేను, నా మందు. నీ బాతులకి చీటీ రాసి పంపాలా?" అన్నాడు. స్టేషనుకి తీసుకెళ్ళాం. "బాతులకి కేసేంటి మేస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు" అని మమ్మల్నే ఎగతాళి చేశారు.

చదువుకున్నవాళ్ళం కాబట్టే అడుగుతున్నాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ఏం చెప్తోంది? నష్టం చెయ్యాలని ఏ జంతువుని చంపినా, విషం పెట్టినా అయిదేళ్ళదాకా శిక్ష. చట్టం దృష్టిలో జంతువంటే మనిషి కాని ఏ ప్రాణైనా. బాతు ప్రాణి కాదా? ఫోరేట్ గుళికల్ని 2020 డిసెంబరు 31తో దేశమంతా నిషేధించారు. ఆ చేలో చల్లింది ఏ గుళికలో, ఎక్కడ కొన్నవో తెలుసుకోవాల్సిన బాధ్యత స్టేషనుది కాదా? తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది విచారణ చేస్తే కదా తేలేది! విచారణే లేకుండా, బాతులు మనవి కాబట్టి కేసు లేదని ముందే తేల్చేశారు.

నీళ్ళ దగ్గర మనకి జరిగే అవమానం ఇవాళ్టిది కాదు. 1927 మార్చి 20న మహాద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చౌదార్ చెరువులో దోసిలి పట్టి నీళ్ళు తాగారు. పశువులు దిగి తాగే చెరువే అది. మనుషులు తాగారని అగ్రకులాలవాళ్ళు పేడ, మూత్రం, పెరుగు కలిపి పోసి చెరువుని శుద్ధి చేసుకున్నారు. ఆ చెరువు మీద మన హక్కుని బొంబాయి హైకోర్టు ఖాయం చేసేసరికి 1937 వచ్చింది. ఇక కారంచేడు. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకే కదా గొడవ మొదలైంది! మున్నంగి సువార్త చేతిలో ఉన్నది నీళ్ళ బిందె. దానికి బదులుగా మర్నాడు ఊరు కత్తులు, బరిసెలు పట్టుకుని పేట మీద పడింది. ఆరుగురు మాదిగల్ని చంపింది. నీళ్ళు అడిగినవాడికి ఈ దేశంలో ఏమిస్తారో మనకి తెలియని సంగతి కాదు.

అయినా ఆ నెత్తురులోంచే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దానికి 2015లో సవరణ జరిగి 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. మూడో సెక్షను చదవండి. ఊరుమ్మడి వనరుల్ని మిగతావాళ్ళతో సమానంగా వాడుకోకుండా దళితుల్ని, ఆదివాసుల్ని అడ్డుకోవడం నేరం. చెరువు, బావి, వాగు, కుళాయి, పశువులు నీళ్ళు తాగే రేవు ఏదైనా సరే. మన భూమి మీద, నీటి మీద ఉన్న హక్కుని అనుభవించనివ్వకపోవడం నేరం. మనం వాడుకునే నీటిని పాడుచెయ్యడం నేరం. సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ నేరం. 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి చెరువుల ఆక్రమణలు ఖాళీ చేయించమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. చెప్తూనే, భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం లీజుగా ఇచ్చినవాటిని విడిగా చూడొచ్చంది. ఈ కాగితాలు ఎన్ని పంచాయతీ ఆఫీసుల్లో ఉన్నాయి? చెరువు వేలం రోజున వీటిని చదివి వినిపించిన సర్పంచి ఎక్కడన్నా ఉన్నాడా?

పథకాలు లేవా అంటే ఉన్నాయి. 2021లో జాతీయ పశుసంపద మిషన్‌ని మార్చి రాశారు. పల్లెల్లో కోళ్ళ, పక్షుల పెంపకం పెట్టేవాళ్ళకి సగం సబ్సిడీ, పాతిక లక్షలదాకా. ఎవరికి? కనీసం వెయ్యి తల్లిపక్షులతో ఫారం పెట్టగలిగినవాడికి. అంటే ముందు స్థలం ఉండాలి, బ్యాంకు నమ్మాలి, మిగతా సగం చేతిలో ఉండాలి. వెయ్యి పక్షులవాడికి పాతిక లక్షలు, ఇరవై పక్షుల తల్లికి రెండు రోజుల శిక్షణ! "కూటికి పేదైతే కులానికి పేదా" అని సామెత చెప్పుకునేవాళ్ళు, కూటికీ కులానికీ కూడా మమ్మల్ని పేదల్ని చేసి కూచోబెట్టారు.

పశువుల డాక్టరు మాట కూడా చెప్పుకోవాలి. బాతుకి ప్రాణం తీసే జబ్బులు ముఖ్యంగా రెండు: బాతు ప్లేగు, బాతు కలరా. రెంటికీ టీకాలున్నాయి. కానీ టీకా సీసా వందల బాతుల లెక్కన వస్తుంది. కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఇరవై బాతులున్న ఇంటికోసం సీసా విప్పనంటారు. పేట మొత్తానికి ఒకేరోజు పెట్టి చాటింపు వేస్తే అయిపోయే పనికి, "వాళ్ళు రారండీ" అని రాసేస్తారు. ఇంకోటి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, బూజు పట్టిన మొక్కజొన్న బాతుకి విషం. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతుపిల్ల పడిపోయినంత తొందరగా కోడిపిల్ల కూడా పడిపోదు. చవగ్గా వస్తోందని కొట్టువాడు అంటగట్టేది సరిగ్గా ఆ బూజు చెక్కే. ఈ ఒక్క ముక్క శిక్షణలో చెప్పి ఉంటే మా పేటలో ఎన్నో పిల్లలు బతికేవి. బొమ్మలు చూపించినవాళ్ళు ఇది చెప్పలేదు.

ఇక బర్డ్ ఫ్లూ. మన దేశంలో మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్ర నవాపూర్‌లో బయటపడింది, పెద్ద కోళ్ళ ఫారాల్లో. 2014లో కేరళ కుట్టనాడులో బాతుల మందలకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనే వచ్చింది. వచ్చిన చోటి నుంచి కిలోమీటరు చుట్టూ పక్షుల్ని చంపాలి, పది కిలోమీటర్లదాకా నిఘా పెట్టాలి. రూలు సరైనదే. బాతు ఒక్కోసారి జబ్బు పైకి కనపడకుండానే వైరస్‌ని మోస్తుంది. ఇది నిజం, దాచం. కానీ నష్టపరిహారం దగ్గరే తేడా వస్తుంది. కేంద్రం పథకం కింద డబ్బిచ్చేది మనుషులొచ్చి చంపిన పక్షికే. పెద్ద ఫారానికి రిజిస్టరుంటుంది, మేనేజరుంటాడు, లెక్క దొరుకుతుంది. మన తల్లి బాతులకి రిజిస్టరేది? అవి ఉన్నాయని రాసినవాడే లేనప్పుడు పోయాయని ఎవరు రాస్తారు?

ఇంతవరకూ ఎక్కడ మేపాలి అన్న సంగతి రాశాం. రాయడానికి చెయ్యి వణికే సంగతి ఇప్పుడు రాస్తున్నాం. ఎవరు మేపుతున్నారు?

బీదవాడికి చోటు లేక బాతులు పోతే, బాతుల పెంపకం ఆగిపోదు. వేలకి వేలు బాతులున్న పెద్ద మందలవాళ్ళున్నారు. కోతలైన చేలని బట్టి జిల్లా దాటి జిల్లా, రాష్ట్రం దాటి రాష్ట్రం లారీల్లో తోలుకుపోతారు. ఎకరాలకి ఎకరాలు ముందే మాట్లాడుకుని డబ్బు కడతారు. వాళ్ళకి చేలు దొరుకుతాయి. మరి ఎండలో, బురదలో ఆ మందల వెనక నడిచేదెవరు? యానాది బిడ్డలు, మన పేటల బిడ్డలు. తల్లిదండ్రులకి పది వేలో పాతిక వేలో అడ్వాన్సు ఇచ్చి పిల్లాణ్ణి తీసుకుపోతారు. ఏ ఊళ్ళో ఉన్నాడో ఇంటికి తెలియదు.

2025 మే నెలలో పేపర్లలో చదివాం. తిరుపతి జిల్లా నుంచి పోయిన ఒక యానాది కుటుంబం. పాతిక వేల అప్పు. బాతులు మేపి తీర్చాలి. తల్లి వెళ్ళిపోతానంటే, అప్పు మీద వడ్డీ కలిపి కట్టమని, కట్టేదాకా తొమ్మిదేళ్ళ కొడుకుని తాకట్టుగా ఉంచుకున్నారు. ఆమె డబ్బు సర్దుకుని వచ్చేసరికి పిల్లాడు లేడు. తమిళనాడులో కాంచీపురం దగ్గర రహస్యంగా పాతిపెట్టిన శవాన్ని తవ్వి తీశారు. బాతుల యజమాని కుటుంబాన్ని అరెస్టు చేశారు.

తొమ్మిదేళ్ళు. మా నాలుగో తరగతి పిల్లాడి ఈడు.

వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. దానికింద అలాంటి అప్పు అప్పే కాదు, తీర్చక్కర్లేదు. బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. 2016లో దాన్ని సవరిస్తూ, బడి అయ్యాక ఇంటి వృత్తిలో సాయం చెయ్యొచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఏ పిల్లాణ్ణి పట్టుకున్నా "మా మేనల్లుడండీ, సాయానికొచ్చాడు" అంటారు. డాక్టరు బిడ్డ ఇంటి వృత్తి సాయం చెయ్యడానికి ఆపరేషన్ థియేటర్లో నుంచుంటాడా? ఇంటి వృత్తి అనే మాట మనకోసమే దాచి ఉంచారు. మను రాసిందీ ఆ మాటే.

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. గుడ్లు ఏరేది ఆడవాళ్ళు, గంప మోసేది ఆడవాళ్ళు, డబ్బు సంచి మాత్రం మగవాడి జేబులో. ఆ డబ్బు ఇంటికి చేరేలోపు దారిలో ఎక్కడ ఆగుతుందో మనకి తెలియదా? బాతులు కాయడానికి బడి మాన్పించాల్సి వస్తే ముందు ఆడపిల్లని మాన్పిస్తున్నాం. యానాది గుడిసెని మన పేటకి కూడా ఎడంగా వేయించిన ఊళ్ళున్నాయి. ఊరు మనకి చేసింది మనం యానాదికి చేస్తే, మనం ఏ ముఖంతో అంబేద్కర్ బొమ్మకి దండ వేస్తాం? చచ్చిన బాతుని కాలవలో విసిరేస్తున్నాం, కిందివాళ్ళ బాతులు చస్తున్నాయి. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చడానికి ఏ ఆసామి అనుమతీ అక్కర్లేదు.

గుడ్డు సంగతి. కోడిగుడ్డుకి 1982లో మొదలైన నెక్ అనే కమిటీ రోజూ రేటు చెప్తుంది. బాతుగుడ్డు కోడిగుడ్డు కంటే పెద్దది, బరువెక్కువ. దానికి రేటు చెప్పేది ఎవరు? బయటి రాష్ట్రాలకి లారీ ఎక్కించే వ్యాపారి. ఆయన చెప్పిందే వేదం. మన హాస్టలు పిల్లలకి వేసే గుడ్డు పెద్ద ఫారాల నుంచి కాంట్రాక్టు మీద వస్తోంది. ఆ పిల్లల తల్లులు పెంచే బాతుల గుడ్డు ఆ హాస్టలు గడప తొక్కదు. నీచు వాసనట! వాసన గుడ్డుదా, గుడ్డు తెచ్చిన చేతిదా?

అందుకని బాతులు ఇవ్వండని మేం అడగడం లేదు. మా డిమాండ్లు ఇవి:

ఒకటి. ఊరి చెరువు వేలానికి ముందే గ్రామసభ పెట్టి, ఎస్సీ ఎస్టీ ఆడవాళ్ళ సంఘాలకి మొదటి హక్కు ఇవ్వాలి. ఎవరు పాడుకున్నా సరే, పేట బాతులు దిగడానికి ఒక రేవు వదలాలని పాట షరతుల్లోనే రాయాలి.

రెండు. కోతలయ్యాక, మళ్ళీ నీళ్ళు పెట్టేదాకా, ఊళ్ళో భూమిలేనివాళ్ళ బాతులు చేలల్లో ఉచితంగా తిరగాలి. గ్రామసభ తీర్మానం చెయ్యాలి. మందు చల్లే ముందురోజు చాటింపు వెయ్యాలి. తరాలుగా మన డప్పుతో తమ కబుర్లన్నీ చాటించుకున్న ఊరు, మనకోసం ఒక్కసారి చాటించలేదా?

మూడు. పేట మొత్తానికి ఒకేరోజు టీకాలు వెయ్యాలి. ప్రతి ఇంటి బాతుల్నీ పశువుల ఆసుపత్రి రిజిస్టరులో రాసి, ఆ ఇంటి ఆడమనిషి పేరున చీటీ ఇవ్వాలి. నష్టపరిహారానికి ఆ చీటీయే ఆధారం కావాలి.

నాలుగు. ఎస్సీ ఎస్టీ హాస్టళ్ళకి ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళ సంఘాల నుంచి బాతుగుడ్లు కొనాలి.

అయిదు. పెద్ద మందల వెనక నడిచే పిల్లల్ని రెవెన్యూ, పోలీసు, విద్యాశాఖలు కలిసి వెతికి విడిపించాలి. మండలంలోకి వచ్చే ప్రతి మంద యజమానీ, తన దగ్గర పనిచేసేవాళ్ళ పేరు, వయసు, ఊరు రాసివ్వాలి.

ఈ డిమాండ్లు కాగితం మీద పెట్టి దండం పెడితే పనవుతుందని మేం అనుకోవడం లేదు. "అడిగేవాడికి చెప్పేవాడు లోకువ" అన్నారు. మనం ఇన్నాళ్ళూ అడిగేవాళ్ళం కాదు, చెప్పేవాళ్ళం కాదు, చేతులు కట్టుకుని వినేవాళ్ళం. ప్రతి పేటలోనూ బాతులున్న ఆడవాళ్ళంతా ముందు ఒకచోట కూచోండి. మీ ఊరి చెరువు ఎవరి పేరున ఉంది, ఎంతకి పాడారు, ఎన్నాళ్ళకి, పంచాయతీకి ఎంత జమైంది, ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అడగండి. రాయడం రాకపోతే మీ ఊళ్ళో చదువుకున్న మన పిల్లల చేత రాయించండి. వాళ్ళ చదువు దేనికి?

మార్చి 20 మహాద్ రోజు. ఆ రోజు పొద్దున గుడ్లు ఏరుకున్నాక, దడి తీసి, బాతుల్ని రోడ్డు మీదుగా, ఊరి మధ్య నుంచి తోలుకుంటూ ఊరి చెరువుకి పోదాం. కర్రలొద్దు, కత్తులొద్దు. చేతిలో చట్టం కాగితం, ముందు బాతులు. ఎవరైనా అడ్డొస్తే పేరు రాసుకుని స్టేషనుకి పోదాం.

మా క్లాసులో లేచి నుంచున్న కుర్రాడికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. బడి మానకుండా వాడు రోజూ వచ్చే రోజున, వాడి తల్లి బాతులు ఊరి చెరువులో తిరిగే రోజున చెప్తాం. ఎక్కడ మేపాడనేం, ఊరి చెరువులోరా. అది ఊరుది. ఊరంటే మనం కూడా.

జై భీమ్!